నలభై రోజుల గాజు

నేను పిరికిదాన్ని. నా గురించి ఈ మాట నేనే ముందు చెప్పేస్తే ఇంకొకరికి ఆ శ్రమ తప్పుతుంది. తలుపు గొళ్ళెం పెట్టాక మూడుసార్లు లాగి చూస్తాను. పిల్ల రెండుసార్లు తుమ్మితే డాక్టరు దగ్గరికి బయల్దేరతాను. మా అత్తయ్య నాకు భయాలపుట్ట అని పేరు పెట్టి పదకొండేళ్ళయింది. "నీ భయాలన్నీ నిజమైతే మనం ఈపాటికి ఆరుసార్లు చచ్చుండాలి" అని మా ఆయన లెక్క చెబుతూంటారు. అలాంటి నేను సముద్రం ఒడ్డున, కెరటం చిందితే కిటికీ తడిసే ఇంటిని కొనడానికి ఒప్పుకున్నానంటే అందుకు కారణం నా ధైర్యం కాదు, ఒక గాజుముక్క.

మాది పటాలు కట్టే కొట్టు. పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఏది తెచ్చినా కొలత తీసి, చెక్క కోసి, గాజు వేసి ఇస్తాం. చెక్కపని మా ఆయనది, కస్టమర్లతో వాదన నాది, గాజు మాత్రం అత్తయ్యది. ఆవిడ కట్టర్‌తో ఒక్క గీత గీసి కిందనుంచి వేలితో తడితే చాలు, గాజు చెప్పిన మాట విన్నట్టు విడిపోతుంది. ఆ తర్వాత నాలుగు అంచుల్నీ సానరాయి మీద నీళ్ళు చల్లుకుంటూ నున్నగా రుద్దుతారు. ఫ్రేము లోపలికి పోయే అంచును ఎవరూ చూడరు. అయినా రుద్దందే వదలరు. "ఎప్పుడో ఎవరో విప్పుతారు. వాళ్ళ చెయ్యి తెగితే ఆ ఉసురు నాకెందుకు?" అంటారు.

ఆవిడకు ఇంకో రూలుంది. కొట్టులో గాజు పగిలితే ఆ సంగతి కస్టమరు చెవిన పడకూడదు. వాళ్ళు వచ్చేలోపు కొత్తది కోసి, పాతదాని మీద పేరూ తేదీ ఎలా రాసి ఉన్నాయో అచ్చం అలాగే రాసి, ఏమీ జరగనట్టు చేతికివ్వాలి. "పగిలిందని చెబితే ఫొటోలో మనిషికే ఏదో అయినట్టు బెంగపడతారు. ఎందుకొచ్చిన గొడవ" అని ఆవిడ వాదన. నలభై ఏళ్ళలో ఆవిడ చేతిలో పగిలిన గాజు సంగతి ఒక్క కస్టమరుకూ తెలియలేదు. రాత కూడా అంతే. ఎవరి దస్తూరీ అయినా రెండుసార్లు చూస్తే ఆవిడ చేతికి వచ్చేస్తుంది.

మా ఊరికి జనం సముద్రం కోసం వస్తారు. పూర్వం ఒంట్లో బాగాలేని డబ్బున్నవాళ్ళకు డాక్టర్లు సముద్రస్నానం రాసిచ్చేవాళ్ళట. వాళ్ళు వచ్చి నెలలు నెలలు ఉండిపోయేందుకు ఒడ్డున రాతికట్ట కట్టి, దాని మీద వరసగా, గోడకు గోడ ఆనించి ఇళ్ళు లేపారు. ఇనప బాల్కనీలు, రంగు కిటికీలు, గుమ్మాల మీద ఏ ఇంటి అలంకారం దానిదే. ఇప్పుడు రోగులు రావడం లేదు, కెమెరాలు వస్తున్నాయి. పాత కట్టడాల బోర్డువాళ్ళని అడక్కుండా ఆ వీధిలో మేకు కొట్టడానికి కూడా వీల్లేదు. వెనక వీధుల్లో మాలాంటివాళ్ళ కొట్లన్నీ ఒక్కొక్కటే లాడ్జీలైపోతున్నాయి. ఆరేళ్ళలో మేం మూడు అద్దె కొట్లు ఖాళీ చేశాం. మూడోసారి సామాను బండికెక్కిస్తున్నప్పుడు అత్తయ్య తన సానరాయిని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. "ఒరేయ్, నేను పోయేలోపు ఒక్క గోడైనా మనదని చూపించరా. మేకు కొట్టాలంటే ఎవరినీ అడక్కర్లేని గోడ" అన్నారు. మేకు మాట ఎలా ఉన్నా, ఆ రోజు నుంచి మా ఆయనకు అదే ధ్యాస.

ఒడ్డు వీధిలో గవ్వల ఇల్లు అమ్మకానికి వచ్చిందని బ్రోకరు చెప్పాడు. గుమ్మం చుట్టూ సున్నంలో గవ్వలు పొదిగిన ఇల్లు. కింద కొట్టుకు సరిపోయే హాలు, దాని అడుగున నేలమాళిగ, పైన వంటగది, పడకగది, వెనకవైపు సముద్రం మీదికి ఒక గది. ఆ గది తలుపుకు పైసగం ఒకటే పాత గాజు, దాని మీద తెరచాప పడవ చెక్కి ఉంది. అత్తయ్య ఆ గాజును చూసి, మిగతా ఇల్లు చూడటం మర్చిపోయారు. "ఇది ఊది చేసిన గాజు. ఇట్లాంటిది చేసేవాడు ఇప్పుడు లేడు" అని వేళ్ళ వెనకతో తట్టి చూశారు. బోర్డువాళ్ళ జాబితాలో ఆ గాజు కూడా ఉంది. దానికి గీత పడితే మనదే పూచీ అని బ్రోకరు హెచ్చరించాడు.

నేను మాత్రం గోడలో బీటను చూశాను. సముద్రం గదిలో కిటికీ మూలనుంచి నేలదాకా, వేలెడు వెడల్పున లేదు గానీ, ఉంది.

"పాత ఇంటికి బీటలు, ముసలిమొహానికి ముడతల్లాంటివమ్మా" అన్నాడు బ్రోకరు.

"ముడతలొచ్చిన మొహం మా పిల్ల మీద పడదు కదండీ" అన్నాను నేను. మా ఆయన నన్ను కొరకొరా చూశారు.

నా పోరు పడలేక రిటైరైన ఇంజనీరుగారిని పిలిచారు. సన్నగా, గొంతు ఎత్తకుండా మాట్లాడే మనిషి. ఆ వీధిలో సగం ఇళ్ళ గోడల ఆరోగ్యం ఆయన చేతిలోనే ఉంది. ఇల్లంతా తిరిగి, తలుపులన్నీ తీసి మూసి, చివరికి సంచిలోంచి పాత కిటికీ అద్దం ముక్కలు మూడు తీశారు. అరచెయ్యంత పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. ఒకటి మెట్ల దగ్గర, ఒకటి నేలమాళిగలో, ఒకటి సముద్రం గదిలో, బీటకు అడ్డంగా రెండు చివర్లూ ప్లాస్టరుతో అతికించి, ఒక్కోదాని మీద తేదీ రాశారు.

"గోడ కదిలితే గాజు సాగదు, పగులుతుంది. అంతే దీని పని" అన్నారు. "ఇల్లమ్మే ఆవిడ ముందు నలభై రోజులు అద్దెకుండి చూసుకోమంది కదా. ఉండండి. ఈలోగా రెండు పౌర్ణమి పోట్లు వస్తాయి. సముద్రం కట్టని గట్టిగా గుద్దేది అప్పుడే. మూడు గాజులూ నిలిస్తే రిజిస్ట్రేషన్‌కి వెళ్ళండి. ఈ వెనక గది మాత్రం అసలు ఇంటితో కట్టింది కాదు, తర్వాత అతికించింది. దీని గాజు పగిలితే కబురు చెయ్యండి, అదే పూట ఇల్లు దిగిపోండి."

"అంచు రుద్దకుండా పెట్టేశారేంటండీ?" అన్నారు అత్తయ్య. "అది చూస్తుంటే నా పళ్ళు పులుస్తున్నాయి. ఇటివ్వండి, రెండు నిమిషాల్లో నున్నగా చేసిస్తా."

"వద్దమ్మా. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు" అన్నారాయన.

ముట్టుకోకూడదన్నది ముట్టుకోవడం నా జబ్బు. గట్టిగా అతుక్కుందా లేదా అని వేలు పెట్టి చూశాను. చూపుడు వేలు కసుక్కున తెగింది. ఇంజనీరుగారు నవ్వి, "చూశారా, పనిచేస్తోంది" అన్నారు. రక్తం రెండు చుక్కలు గోడ మీద పడ్డాయి. మా తూనీగ గుడ్డపేలిక తెచ్చి కట్టు కట్టింది. తూనీగంటే మా అమ్మాయి, ఏడేళ్ళది. ఒక్క చోట కూర్చోదు కాబట్టి ఆ పేరు.

అలా గవ్వల ఇంట్లో చేరాం. సముద్రం గదిలో అత్తయ్యా తూనీగా, పడకగదిలో మేమిద్దరం. నేను రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే మూడు గాజులూ చూసి వచ్చేదాన్ని. దూరం నుంచే, చేతులు వెనక్కి కట్టుకుని. మొదటి వారం ఏమీ లేదు. మా ఆయన కింద హాల్లో చెక్కబల్ల బిగించారు. కొట్టు ముందు ఆగి చూసేవాళ్ళు అప్పుడే మొదలయ్యారు. నాకూ ఆశ పుట్టింది. సొంత గుమ్మంలో నిలబడి టీ తాగుతుంటే ఒక రకం పొగరు వస్తుంది, అది నాకు నచ్చింది.

మొదటి పౌర్ణమి పోటు పదో రోజున వచ్చింది. సాయంత్రందాకా అడుగున ఎవరో బరువైన మూటలు పడేస్తున్నట్టు చప్పుడు. మర్నాడు పొద్దున గదిలోకి వెళ్ళాను. అత్తయ్య అప్పటికే లేచి నేల ఊడుస్తున్నారు. గాజు పగల్లేదు. తేదీ తేదీలాగే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా భయాలపుట్టా" అన్నారు మా ఆయన. అత్తయ్య ఏమీ అనలేదు. మామూలుగా నన్ను ఏడిపించే అవకాశం వస్తే వదులుకునే మనిషి కాదు. నేను పట్టించుకోలేదు.

ఆ రోజునుంచి ఇల్లు మారింది. నేను చెబుతున్నది కల్పన కాదు. తూనీగ బంతి నేల మీద పెడితే దానంతటదే సముద్రం వైపు వెళ్ళేది. గది తలుపు పైన ఒక మూల పట్టేసేది, భుజంతో నెట్టాల్సి వచ్చేది. పోటు వేళకు గోడలోంచి వేళ్ళు విరిచినట్టు చిన్న చప్పుళ్ళు. నాకు అన్నం సహించేది కాదు. గిన్నె మూత కింద పడినా గోడ చూడటానికి పరిగెత్తేదాన్ని.

"ఏవండీ, తలుపు చూడండి. నిన్నటికన్నా ఎక్కువ పట్టేస్తోంది."

"ఉప్పుగాలికి చెక్క ఉబ్బింది. చెక్క గురించి నాకు చెబుతావా?"

"మరి ఆ చప్పుళ్ళు?"

"గాజు పగిలిందా?"

"లేదు."

"ఇంజనీరుకన్నా, గాజుకన్నా నీకెక్కువ తెలుసా?"

తెలియదు కదా. రోజూ వెళ్ళి చూసేదాన్ని. గాజు నిక్షేపంలా ఉండేది. నా చెవులు విన్నదాన్నీ నా కాళ్ళకు తగిలిన వాలునీ కాదని, నేను ఆ గాజునే నమ్మాను. జీవితమంతా పిరికిదానివని అనిపించుకున్నాక మనిషికి తన భయం మీదే నమ్మకం పోతుంది.

అత్తయ్య కూడా మారారు. తూనీగను తన గదిలోంచి పంపించేశారు. "దీని కాళ్ళు నా పక్కటెముకల్లో దిగుతున్నాయి. మీ దగ్గర పడుకోబెట్టుకోండి" అన్నారు. పగలు కూడా ఆ గదిలో అడుగుపెట్టనిచ్చేవారు కాదు. ఆ గది కిటికీలోంచి ఓడలు చూస్తానని అది ఏడిస్తే, ఎప్పుడూ గట్టిగా ఒక మాట అనని మనిషి, "కాళ్ళు విరగ్గొడతా" అని అరిచారు. తన మంచాన్ని మాత్రం బీట ఉన్న గోడ పక్కకే జరుపుకున్నారు. ముసలితనం చాదస్తం అనుకున్నాను. ముప్ఫై మూడో రోజున భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "ఈ ఇల్లు మనకెందుకురా" అన్నారు.

మా ఆయన ఒంటికాలి మీద లేచారు. "గోడ గోడ అని ఇన్నాళ్ళూ నా ప్రాణం తీసింది నువ్వే కదమ్మా! అడ్వాన్సిచ్చి, అందరికీ చెప్పుకుని, ఇప్పుడెందుకంటావా? కారణం చెప్పు."

అత్తయ్య కంచం వైపు చూస్తూ కూర్చున్నారు. ఏదో చెప్పబోయి నీళ్ళు నమిలారు. "ఏం లేదులే. గాలి పడటం లేదు" అని లేచి వెళ్ళిపోయారు.

ముప్ఫై తొమ్మిదో రోజు ఆదివారం, రెండో పౌర్ణమి. మర్నాడు పొద్దున ఇంజనీరుగారు వచ్చి చూసి సంతకం చేస్తారు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అత్తయ్య వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నారు. మా ఆయన కింద బల్లకు రంగు వేస్తున్నారు. తూనీగ మెట్ల మీద ఆడుకుంటోంది. పెద్దమనిషి వస్తున్నాడు, గాజుల మీద దుమ్మెందుకని తడిగుడ్డ పట్టుకుని సముద్రం గదిలోకి వెళ్ళాను.

అన్ని రోజుల్లో దాన్ని ముట్టుకోవడం అది రెండోసారి. మెల్లగా పైన తుడిచాను. గుడ్డ జారి చూపుడు వేలు అంచు వెంట గీసుకుంది. అమ్మో అని చెయ్యి వెనక్కి లాక్కుని వేలు నోట్లో పెట్టుకున్నాను. రక్తం రుచి లేదు.

వేలు చూసుకున్నాను. తెగలేదు. పాత గాటు మచ్చ మాత్రం ఉంది. ఈసారి కావాలనే, నెమ్మదిగా, అంచు పొడవునా వేలు నడిపాను. నున్నగా ఉంది. తూనీగ బుగ్గంత నున్నగా. కింది అంచూ అంతే. గోడ మీద మొదటిరోజు నా రక్తం పడిన గోధుమరంగు చుక్కలు రెండూ దాని కిందే ఉన్నాయి. తేదీ ఇంజనీరుగారి దస్తూరీలోనే ఉంది. గాజు మాత్రం ఆయనది కాదు.

ఈ ఊళ్ళో గాజుకు అలా అంచు రుద్దే మనిషి ఒక్కరే.

గోడ పట్టుకోబోయి, ఆ గోడను పట్టుకోవాలంటే భయం వేసి, తలుపు పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. తలుపు వేయాలన్న ఆలోచన కూడా రాలేదు.

"అత్తయ్యా, ఆ గాజు ఎన్నిసార్లు మార్చారు?"

ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచారు గానీ రాలేదు. నడుముకున్న సంచీ విప్పి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి బల్ల మీద పెట్టారు. లోపల విరిగిన గాజుముక్కలు, నాలుగు జతలు. ఒక్కో జతకూ చిన్న చీటీ, ఎప్పుడు పగిలిందో తేదీ రాసి.

"మొదటిది ఆ పౌర్ణమి రాత్రి" అన్నారు. "పొద్దున లేచి చూస్తే మధ్యకి విరిగి ఉంది. నేనేమీ ఆలోచించలేదమ్మాయ్, ఒట్టు. పగిలిన గాజు కంటపడింది, చెయ్యి దాని పని అది చేసేసింది. మార్చేశాక అనుకున్నాను, పిల్ల బంతి తగిలుంటుందిలే అని. నువ్వొచ్చి చూసి ఎంత సంతోషపడ్డావు! ఇంక ఎలా చెప్పను?"

"రెండోది?"

"అమావాస్యకి. తర్వాతది వారానికే. నాలుగోది నిన్న."

పదో రోజు, పాతిక, ముప్ఫై రెండు, ముప్ఫై ఎనిమిది. "అంత తెలిసీ ఆ గోడ పక్కనే పడుకున్నారా?"

"తెలుసు కాబట్టే. పడితే ముందు నా మీద పడుతుంది, ఆ చప్పుడుకి మీరు లేస్తారని. చెబుదామనే చూశాను. వాడి మొహం చూస్తే నోరు రాలేదు."

అప్పుడు వినిపించింది. చిన్న చప్పుడు. పుల్ల విరిచినంత. టిక్.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. అది నేనిప్పుడే తుడిచిన గాజు. వెంటనే ఇంకో చప్పుడు, పెద్దది, బరువైన చెక్క కిందికి దిగినట్టు. దాని తర్వాత పిల్ల గొంతు.

"నానమ్మా! తలుపు రావట్లేదు!"

నేను తలుపు వేయకుండా వచ్చాను కదా. మేమిద్దరం పొట్లం మీద వంగి ఉండగా, ఓడలు చూడాలని అది దొంగలా లోపల దూరింది. నానమ్మ చూస్తే తిడుతుందని తలుపు వేసుకుంది. పరిగెత్తి తలుపు మీద పడ్డాను. పైనుంచి ద్వారబంధం వంగి, తలుపును పళ్ళతో కరిచి పట్టుకున్నట్టు పట్టేసింది. భుజంతో గుద్దాను. కదలలేదు. మా ఆయన్ని పిలిచాను. ఏమని పిలిచానో తెలియదు, కేక మాత్రం వీధిదాకా వినిపించిందట. గాజులోంచి, చెక్కిన పడవ వెనక, తూనీగ మొహం కనిపిస్తోంది. దాని జుట్టు నిండా తెల్లటి సున్నం రాలుతోంది.

"దూరం జరుగు తల్లీ. మంచం అవతలికి పోయి కళ్ళు మూసుకో" అన్నారు అత్తయ్య నా వెనకనుంచి. గొంతులో వణుకు లేదు.

ఆవిడ చేతిలో ఇత్తడి గిన్నె ఉంది. రోజూ మెత్తటి గుడ్డతో తుడుచుకునే ఆ పడవ మీద, రెండు చేతులూ ఎత్తి, ఒక్క దెబ్బ కొట్టారు.

గాజు మొత్తం పోలేదు. ఫ్రేము చుట్టూ కోరల్లా ముక్కలు నిలబడ్డాయి. పిల్లను అందులోంచి లాగితే చీరేస్తాయి. నేను గుడ్డ కోసం వెతుకుతున్నాను. అత్తయ్య వెతకలేదు. ఒట్టి చేతులతో ఆ ముక్కల్ని పట్టుకుని ఒక్కొక్కటే పీకి పారేశారు. అన్నీ అయ్యాక, పని ముగించే ముందు కొట్టులో చేసినట్టే, అరచేత్తో నాలుగు అంచుల్నీ ఒకసారి తడిమి చూశారు. చెయ్యి వెళ్ళిన చోటల్లా చెక్క ఎర్రగా అయింది. మూలన మిగిలిన ముక్క ఒకటి తగిలితే దాన్నీ పీకారు.

"ఇప్పుడు రా" అన్నారు.

నేను చంకల కింద పట్టుకుని దాన్ని లాగాను. అప్పటికి మా ఆయన మెట్లెక్కి వచ్చారు. వెనక గోడలో బీట ఇప్పుడు చెయ్యి పట్టేంత ఉంది, అందులోంచి సముద్రం కనిపిస్తోంది. ఆయన అమ్మను ఎత్తుకున్నారు, నేను పిల్లను ఎత్తుకున్నాను, పొట్లం నా గుప్పిట్లోకి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వీధిలోకి వచ్చి పడ్డాం.

పావుగంట తర్వాత గది పడిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ముందునుంచి చూస్తే గవ్వల గుమ్మం గవ్వల గుమ్మంలాగే ఉంది. తలుపులోంచి మెట్ల పైకి చూస్తే మాత్రం వంటింటి అవతల ఆకాశం ఉంది. అత్తయ్య మంచం ఉన్న చోట నీళ్ళున్నాయి.

పక్కింటివాళ్ళ గుమ్మంలో కూర్చోబెట్టి కాంపౌండరు అత్తయ్య చేతులకు కట్లు కట్టాడు. తూనీగను నేను తలనుంచి కాళ్ళదాకా తడిమి చూశాను. ఒక్క గీత లేదు. కబురందుకుని ఇంజనీరుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయనను నేనెప్పుడూ అలా చూడలేదు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నారు.

"గాజు పగల్లేదా? మీరు కబురు చెయ్యలేదేం?"

మా ఆయన ఒకసారి వాళ్ళమ్మ చేతుల వైపు, ఒకసారి నా వైపు చూశారు. ఆయనకు అప్పటికే నేను రెండు ముక్కల్లో చెప్పేశాను. "పొద్దునకూడా బాగానే ఉందండీ" అన్నారు నేల చూస్తూ. నేనూ నోరు మెదపలేదు. ఆ చేతుల్ని చూసి ఎవరం మాత్రం ఏమంటాం?

ఇంజనీరుగారు మెట్ల మీద కూలబడ్డారు. "పగలకుండా గోడ పడిందంటే నా పద్ధతే తప్పు. ఈ వరసలో ఇంకా పదకొండు ఇళ్ళలో పెట్టాను గాజులు. పగల్లేదు కదా అని వాళ్ళంతా నిశ్చింతగా లోపల కూర్చున్నారు. ఇప్పుడు ఏ ఇంటిని నమ్మమని చెప్పను, ఏ ఇంటిని ఖాళీ చెయ్యమని చెప్పను?" అన్నారు. పదకొండు గుమ్మాల వాళ్ళూ అక్కడే నిలబడి ఉన్నారు.

అత్తయ్య లేచి నిలబడ్డారు. నా గుప్పిట్లో పొట్లం వైపు చూశారు. "ఆయనకివ్వమ్మాయ్" అన్నారు.

ఇచ్చాను. ఆయన విప్పి, చీటీల మీద తేదీలు ఒక్కొక్కటే చదివారు.

"గాజు తప్పు లేదండీ" అన్నారు అత్తయ్య, అందరికీ వినిపించేలా. "పగిలింది. ఐదుసార్లు పగిలింది. నేనే మీకు చెప్పలేదు."

నలభై ఏళ్ళలో ఆవిడ ఒక బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఇంజనీరుగారు ఆవిడ కట్ల వైపు చూసి, లేచి, పక్కింటి గాజు చూడటానికి లోపలికి వెళ్ళారు. ఆయన వెనకే ఇంటివాళ్ళు, వాళ్ళ వెనక వీధంతా వెళ్ళింది. మేం నలుగురం బయటే మిగిలాం. అత్తయ్య తూనీగను దగ్గరికి తీసుకోబోయి, కట్లున్న చేతులు చూసుకుని ఆగిపోయారు. అదే వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది.